పైపు గ్యాసా, సిలిండరా, కరెంటా: ఏ పనికి ఏది నప్పుతుంది?

కొత్త ఇల్లు కట్టుకుంటున్నా, వీధిలోకి గ్యాస్ పైపు వచ్చిందని తెలిసినా, పాత గీజర్ పాడైపోయినా చాలామందికి ఒకే సందేహం వస్తుంది. సహజ వాయువు కనెక్షన్ తీసుకోవాలా, సిలిండర్‌తోనే సర్దుకోవాలా, అసలు గ్యాస్ మానేసి అంతా కరెంటు మీదికి మారిపోవాలా? ఎవరిని కదిపినా ముందు అడిగేది "ఏది చవక?" అనే. దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు. వంటకు చవకగా పడే ఇంధనమే స్నానాల నీళ్ళకు ఖరీదు కావచ్చు. అందుకే ఇల్లంతటికీ ఒకటే అని పట్టుబట్టకుండా, ఏ పనికి ఏది అని విడదీసి చూసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు ఏమేం చూడాలి

మొదటిది, సరఫరా మీ గుమ్మం దాకా నికరంగా వస్తుందా లేదా. రెండోది, ఖర్చు. ఖర్చంటే బిల్లు మీద రాసే ధర కాదు, గిన్నెలోకో నీళ్ళలోకో నిజంగా చేరిన వేడికి ఎంత పడిందన్నది. మూడోది, లీకైతే, మంట సరిగ్గా మండకపోతే మీ ఇంటి కట్టుబడిలో ఏమవుతుంది. నాలుగోది, మొదట పెట్టాల్సిన డబ్బు, తర్వాత మనసు మారితే వెనక్కి రావడంలో ఉండే ఇబ్బంది. ఐదోది, గాలికీ వాతావరణానికీ జరిగే చేటు.

జనం రెండోదాని మీదే కూర్చుంటారు. నన్నడిగితే మూడోదే ముందు చూడాలి. ఇరుకు గది, కిటికీ లేని స్నానాలగది ఉన్న ఇంట్లో ఎంత చవకైన గ్యాస్ అయినా తప్పుడు ఎంపికే అవుతుంది.

సహజ వాయువు అంటే ఏమిటి, అది పైపులోనే ఎందుకు వస్తుంది

సహజ వాయువులో ఎక్కువ భాగం మీథేన్. కోట్ల ఏళ్ళ కిందట మట్టి పొరల కింద పూడుకుపోయిన జీవరాశి, వేడికీ ఒత్తిడికీ మారి ఇలా తయారైంది. బావిలోంచి వచ్చినప్పుడు దాంతోపాటు ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్, నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, కొన్నిచోట్ల విషవాయువైన హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉంటాయి. శుద్ధి చేసి, మీథేన్‌ను పైపుల్లోకి వదులుతారు. అలా వేరు చేసిన ప్రొపేన్, బ్యూటేన్‌లే సిలిండర్‌లోకి వెళ్ళే ఎల్పీజీ. ముడిచమురు శుద్ధి కర్మాగారాల్లోనూ ఎల్పీజీ తయారవుతుంది. అంటే ఈ రెండు గ్యాస్‌లూ చాలావరకు ఒకే చోటి నుంచి బయల్దేరిన దాయాదులే.

దారులు ఎక్కడ విడిపోయాయంటే, ద్రవంగా మారడం దగ్గర. ప్రొపేన్‌ను మామూలు గది వేడిమిలో కొద్దిపాటి ఒత్తిడితో నొక్కితే ద్రవమైపోతుంది. అందుకే ఒక చిన్న ఇనుప సిలిండర్‌లో వారాల తరబడి సరిపడే ఇంధనం పడుతుంది. మీథేన్‌ను గది వేడిమిలో ఎంత నొక్కినా ద్రవం కాదు. మామూలు వాయు పీడనంలో దాన్ని ద్రవంగా మార్చాలంటే మైనస్ 162 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరచాలి. అప్పుడు దాని పరిమాణం సుమారు 600 వంతుల్లో ఒక వంతుకు తగ్గుతుంది. ఎల్ఎన్జీని, అంటే అలా ద్రవంగా మార్చిన సహజ వాయువును, సముద్రాలు దాటించే ఓడలు మోసుకెళ్ళేది ఇలాగే. వాహనాల్లో వాడే సీఎన్జీ కూడా సహజ వాయువే, కానీ దాన్ని ద్రవం చేయరు, 200 బార్లకు పైగా, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి ఇంచుమించు 200 రెట్లకు పైగా ఒత్తిడితో మందపాటి ట్యాంకులోకి నింపుతారు. ఇంటికి ఈ రెండు పద్ధతులూ కుదరవు. కాబట్టి సహజ వాయువు అంటే పైపే. మీ వీధికి పైపు రాకపోతే ఈ పోలికలో ఒక గడి మొత్తం ఖాళీ అయిపోయినట్టే, ఇక సిలిండర్‌కీ కరెంటుకీ మధ్యే తేల్చుకోవాలి.

ఖర్చు లెక్క ఇలా కట్టండి

పైపు గ్యాస్‌ను ఘనపు మీటర్లలో, సిలిండర్‌ను కిలోల్లో, కరెంటును యూనిట్లలో అమ్ముతారు. ఈ మూడు ధరలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదు. అన్నిటినీ యూనిట్లలోకి, అంటే కిలోవాట్ అవర్లలోకి తెచ్చుకోవాలి. ఆ తర్వాత వృథా పోయేది తీసేయాలి.

గ్యాస్ పొయ్యి మంటలో సగం వేడి గిన్నె పక్కల నుంచి గాల్లోకి పోతుంది. పొయ్యిని బట్టి, గిన్నెను బట్టి, మంట ఎంత పెట్టారన్నదాన్ని బట్టి ఇది అటూ ఇటూ అవుతుంది కానీ, సగం అనుకుని లెక్క వేస్తే పెద్దగా తప్పదు. ఇండక్షన్ స్టవ్ గిన్నె అడుగునే వేడెక్కిస్తుంది కాబట్టి వందకు 80 వంతుల దాకా దక్కుతుంది. గ్యాస్ గీజర్‌లో 85 దాకా నీళ్ళకు చేరుతుంది. మామూలు కరెంటు గీజర్‌లో దాదాపు అంతా చేరుతుంది. హీట్ పంప్ సంగతి వేరు. అది వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్ళలోకి పంపుతుంది. అందుకే ఒక యూనిట్ కరెంటు తీసుకుని దాదాపు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు.

| | పైపు గ్యాస్, 1 ఘనపు మీటరు | సిలిండర్ గ్యాస్, 1 కిలో | కరెంటు, 1 యూనిట్ |
|---|---|---|---|
| మొత్తం వేడి | సుమారు 10 యూనిట్లు | సుమారు 12.8 యూనిట్లు | 1 యూనిట్ |
| వంటలో గిన్నెకు చేరేది | 5 | 6.4 | 0.8 (ఇండక్షన్) |
| స్నానాల నీళ్ళకు చేరేది | 8.5 | 10.9 | 0.95 మామూలు గీజర్, సుమారు 3 హీట్ పంప్ |
| గాలితో పోలిస్తే | తేలిక, పైకి పోతుంది | బరువు, కిందికి దిగుతుంది | వర్తించదు |
| కరెంటు పోతే | పొయ్యి వెలుగుతుంది | పొయ్యి వెలుగుతుంది | ఆగిపోతుంది |

ఈ పట్టికలోంచి రెండు కొండగుర్తులు తీసుకోవచ్చు. వంట విషయంలో ఒక ఘనపు మీటరు పైపు గ్యాస్ చేసే పనికి ఇండక్షన్‌కు ఆరుంబావు యూనిట్లు కావాలి, ఒక కిలో సిలిండర్ గ్యాస్ చేసే పనికి ఎనిమిది యూనిట్లు. మీ ఊళ్ళో ఒక ఘనపు మీటరు ధర ఆరుంబావు యూనిట్ల కరెంటు ధర కన్నా తక్కువుంటే వంటకు గ్యాసే చవక. ఎక్కువుంటే ఇండక్షన్. అదే గ్యాస్‌తో నీళ్ళు కాచినప్పుడు మామూలు గీజర్‌తో పోటీ తొమ్మిది యూనిట్ల దగ్గర ఉంటుంది, హీట్ పంప్‌తో అయితే మూడు యూనిట్ల లోపే. ఒకే ఇల్లు, ఒకే గ్యాస్, ఒకే ధర. అయినా పని మారేసరికి తీర్పు మారిపోయింది.

ఇంకొక్క మాట. పైపు కనెక్షన్‌కు చాలాచోట్ల వాడినా వాడకపోయినా కట్టాల్సిన స్థిర రుసుము ఉంటుంది. ఇద్దరే ఉండి, రోజుకు ఒకపూట వండుకునే ఇంట్లో ఆ రుసుమే బిల్లులో పెద్ద వాటా అయిపోతుంది. ఏడాదికి కట్టే మొత్తాన్ని ఏడాది వాడకంతో భాగించి చూస్తేనే అసలు ధర బయటపడుతుంది.

లీకు, పొగ, మంట

మీథేన్‌కూ ప్రొపేన్‌కూ స్వతహాగా వాసన ఉండదు. మనకు తెలిసిన ఆ కుళ్ళు వాసన గంధకం ఉన్న మెర్‌కాప్టాన్ లాంటి పదార్థాలది, కావాలని కలుపుతారు. ఇది తప్పనిసరి కావడం వెనక ఒక ఘోరం ఉంది. 1937 మార్చిలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, న్యూ లండన్ అనే ఊళ్ళో వాసన లేని సహజ వాయువు బడి నేల కింది ఖాళీలో పేరుకుపోయింది. ఎవరికీ తెలియలేదు. సానపట్టే కరెంటు యంత్రం ఒకటి స్విచ్ వేయగానే భవనం పేలిపోయింది. దాదాపు 300 మంది చనిపోయారు, అందులో ఎక్కువమంది పిల్లలు. ఆ తర్వాతే టెక్సస్ చట్టం చేసి గ్యాస్‌లో వాసన కలిపించింది, మిగతా చోట్లకూ ఆ పద్ధతి పాకింది. వాసన వచ్చినప్పుడు స్విచ్ వేయకూడదు, వేసి ఉన్నది తీయనూ కూడదు అని పెద్దవాళ్ళు పదేపదే చెప్పేది ఇందుకే. స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు.

లీకైన తర్వాత రెండు గ్యాస్‌ల తీరూ వేరు. మీథేన్ బరువు గాలి బరువులో సగం కన్నా కొంచెమే ఎక్కువ. లీకైతే కప్పు వైపు లేస్తుంది, పైన కన్నం ఉంటే బయటికి పోతుంది. ప్రొపేన్ గాలి కన్నా ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. లీకైతే నేల మీద పరుచుకుని, మెట్ల కిందికీ మోరీల్లోకీ బేస్‌మెంట్‌లోకీ దిగి అక్కడే నిలిచిపోతుంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు అంటుకుంటుంది. ప్రొపేన్‌కు సుమారు 2 శాతమే చాలు. ఈ రెండు కారణాల వల్ల లీకు విషయంలో పైపు గ్యాస్ కొంత నయం. కానీ సిలిండర్ ఖాళీ అయితే లీకు అక్కడితో ఆగుతుంది, పైపులో వాల్వ్ కట్టేదాకా వస్తూనే ఉంటుంది. కాబట్టి పైపు గ్యాస్ ఇంట్లో ప్రధాన వాల్వ్ ఎక్కడుందో చిన్నపిల్లలు తప్ప అందరికీ తెలిసి ఉండాలి. పైపు గ్యాస్‌కు వెంటిలేటర్, లీకును పసిగట్టే డిటెక్టర్ కప్పు దగ్గర ఉండాలి. సిలిండర్ గ్యాస్‌కు నేల దగ్గర ఉండాలి. సిలిండర్ నుంచి పైపుకు మారినవాళ్ళు డిటెక్టర్‌ను కింద అలాగే వదిలేస్తే అది ఉన్నా లేనట్టే.

పేలుడు అంటే అందరూ భయపడతారు. నాకు అంతకన్నా ఎక్కువ ఆందోళన కలిగించేది కార్బన్ మోనాక్సైడ్. గ్యాస్‌కు చాలినంత గాలి అందకపోతే ఇది పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు, గ్యాస్‌లో కలిపిన వాసన మండాక మిగలదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి, మనిషి అలసట అనుకుని కూర్చుండిపోతాడు. మంట నీలంగా, స్థిరంగా ఉంటే బాగా మండుతున్నట్టు. పచ్చగా సాగుతూ, గిన్నె అడుగున మసి పట్టిస్తుంటే బర్నర్ మూసుకుపోయిందనో గాలి చాలడం లేదనో అర్థం. వెంటనే మెకానిక్‌ను పిలిపించాలి. పొగను బయటికి పంపే గొట్టం లేని గ్యాస్ గీజర్‌ను స్నానాలగదిలో పెట్టడానికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకండి. తలుపు మూసుకుని స్నానం చేసే చిన్న గదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. గీజర్ గది బయట ఉండాలి, లేదా గాలి తీసుకోవడం, పొగ వదలడం రెండూ గోడ అవతలి నుంచే జరిగే రకమైనా అయ్యుండాలి.

ఇవన్నీ బాగున్నా గ్యాస్ మంట ఏదైనా నైట్రోజన్ డయాక్సైడ్ విడుస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్ళకు అది మంచిది కాదు. ఇంట్లో అలాంటివాళ్ళుంటే వంటిల్లు ఇండక్షన్‌కు మార్చడాన్ని ధర లెక్కతో ముడిపెట్టకుండా ఆలోచించండి. మార్చలేకపోతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయకుండా పొయ్యి వెలిగించవద్దు.

పైపు గ్యాస్ ఎవరికి బాగుంటుంది

రోజంతా పొయ్యి మండే ఇళ్ళకు, చిన్న హోటళ్ళకు ఇది హాయి. బుక్ చేయడం, మోయడం, వంట మధ్యలో గ్యాస్ అయిపోవడం ఉండవు. వాడినదానికే మీటరు తిరుగుతుంది. ఇంట్లో నిల్వ ఉండదు కాబట్టి చోటు కలిసొస్తుంది. కానీ నిల్వ లేకపోవడమే దీని బలహీనత కూడా. ఎక్కడో తవ్వకాల్లో పైపు తెగితే వీధి వీధంతా ఆగుతుంది. ధర కూడా మీ చేతిలో ఉండదు, ఒక ప్రాంతంలో సాధారణంగా ఒకే సంస్థ సరఫరా చేస్తుంది.

పాత సిలిండర్ పొయ్యినే పైపుకు తగిలిస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. ఒకే పరిమాణంలో ప్రొపేన్ వాయువు మీథేన్‌కు రెండున్నర రెట్ల వేడి ఇస్తుంది. అందుకే సిలిండర్ పొయ్యిలో బర్నర్‌కు గ్యాస్ వదిలే జెట్‌ల కన్నం సన్నగా ఉంటుంది. దానికి సహజ వాయువు ఇస్తే మంట నీరసంగా వస్తుంది. సహజ వాయువు పొయ్యికి సిలిండర్ తగిలిస్తే మంట ఎగసి మసి కక్కుతుంది, ఇది చాలా ప్రమాదం. జెట్‌లు మార్చే పని శిక్షణ పొందిన మెకానిక్‌తోనే చేయించాలి. కొన్ని పొయ్యిలకు మార్చడం అసలు కుదరదు, కొనేముందే అడగాలి.

సిలిండర్ ఎవరికి

పైపు రాని చోట, అద్దె ఇళ్ళలో, తరచూ ఊళ్ళు మారేవాళ్ళకు సిలిండరే దిక్కు. ఇల్లు మారితే పొయ్యీ సిలిండరూ వెంట వచ్చేస్తాయి. కరెంటు నమ్మకం లేని చోట ఇది నిజమైన భరోసా. కష్టమల్లా బరువుతోనే. వయసు మీద పడి ఒంటరిగా ఉండేవాళ్ళకు సిలిండర్ మార్చడం, రెగ్యులేటర్ బిగించడం ప్రతిసారీ టెన్షనే. చలి ప్రాంతాల్లో ఇంకో చిక్కు ఉంది. బ్యూటేన్ మైనస్ అర డిగ్రీ దగ్గరే ఆవిరి కావడం ఆపేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తుంది. గడ్డకట్టే చలిలో సిలిండర్ బయట పెట్టేవాళ్ళు ప్రొపేన్ ఎక్కువున్న రకమే తీసుకోవాలి. సిలిండర్‌ను ఎప్పుడూ నిలబెట్టే వాడాలి. పడుకోబెడితే వాయువుకు బదులు ద్రవం పైపులోకి వస్తుంది, అది పొయ్యి దగ్గరికి చేరి రెండు వందల రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. బేస్‌మెంట్‌లో సిలిండర్ ఉంచవద్దు.

కరెంటు ఎవరికి

ఇండక్షన్‌కు అడుగు అయస్కాంతానికి అంటుకునే గిన్నెలు కావాలి. ఇంట్లో ఉన్నవాటికి ఒక అయస్కాంతం పెట్టి చూస్తే ఎన్ని పనికొస్తాయో క్షణంలో తెలుస్తుంది. మంట ఉండదు, లీకు ఉండదు, ఇంట్లో పొగ ఉండదు. మతిమరుపు ఉన్న పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇది చాలా పెద్ద లాభం, చాలా మోడళ్ళలో గిన్నె తీసేస్తే దానంతటదే ఆగుతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరును అడిగాకే దగ్గర నిలబడాలి.

అడ్డంకి వైరింగ్. ఒక ఇండక్షన్ పొయ్యి 2 కిలోవాట్ల దాకా లాగుతుంది, రెండు మూడు కలిస్తే వేరే లైను కావాలి. అప్పటికప్పుడు నీళ్ళు కాచే హీటర్ అంతకన్నా ఎక్కువే లాగుతుంది. పాత ఇళ్ళలో ఆ ఖర్చు కలుపుకోకుండా లెక్క వేయకండి. కరెంటు తరచుగా పోయే చోట కరెంటు ఒక్కదాన్నే నమ్ముకోవడం తెలివైన పని కాదు. అయితే గ్యాస్‌ను కూడా గుడ్డిగా నమ్మలేం. గదులు వెచ్చబరిచే ఇప్పటి గ్యాస్ బాయిలర్లకు ఫ్యాన్, పంపు ఉంటాయి, కరెంటు పోతే అవీ ఆగిపోతాయి.

వాతావరణం సంగతి

మండినప్పుడు ఒక యూనిట్ వేడికి సహజ వాయువు సుమారు 0.2 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఎల్పీజీ 0.23, బొగ్గు 0.34 దగ్గర. శిలాజ ఇంధనాల్లో సహజ వాయువే శుభ్రం అనడానికి ఆధారం ఇదే, మసి బూడిదలు లేకపోవడం దానికి తోడు. కానీ మండకుండా లీకైన మీథేన్ 20 ఏళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. బావి నుంచి పొయ్యి దాకా వందలో మూడు వంతులు లీకైతే చాలు, ఆ 20 ఏళ్ళ లెక్కలో దాని ప్రభావం దాదాపు రెట్టింపవుతుంది. ఈ మాట దాటేసి గ్యాస్ శుభ్రమైనదని ప్రచారం చేయడం నాకు నచ్చదు.

కరెంటు కూడా ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. బొగ్గు కరెంటుతో ఇండక్షన్ వాడితే గిన్నెకు చేరిన ఒక్కో యూనిట్ వేడికి కిలోకు పైగా కార్బన్ డయాక్సైడ్, గ్యాస్ పొయ్యితో అయితే 0.4 కిలో. గ్యాస్‌తో నడిచే మంచి విద్యుత్ కేంద్రం కరెంటు అయితే రెండూ ఇంచుమించు సమానం. జలవిద్యుత్, సౌర, పవన, అణు విద్యుత్ ఎక్కువున్న చోట ఇండక్షన్ చాలా ముందుంటుంది. ఒక తేడా గుర్తుంచుకోండి: కరెంటు వచ్చే మూలం మారితే మీ ఇంట్లో ఉన్న ఇండక్షన్ దానంతటదే శుభ్రమవుతుంది.

మీ పరిస్థితిని బట్టి

పైపు గుమ్మం దాకా వచ్చి, కుటుంబం పెద్దదై, వంటింటికి మంచి కిటికీ ఉంటే వంటకు పైపు గ్యాస్ తీసుకోండి, పక్కన ఒక ఇండక్షన్ పొయ్యి ఉంచుకోండి. నీళ్ళకు మాత్రం హీట్ పంప్ ధర కనుక్కున్నాకే గ్యాస్ గీజర్ వైపు వెళ్ళండి. అద్దెకుంటున్నవాళ్ళు చిన్న సిలిండరూ ఇండక్షనూ కలిపి వాడుకోవడం మేలు, ఇల్లుగలవారి గోడలో పైపులకు డబ్బు పెట్టవద్దు. కిటికీ లేని వంటగదిలో ఉంటున్నవాళ్ళకు కరెంటు తప్ప ఇంకేదీ నేను చెప్పలేను.

కొత్త ఇల్లు కడుతున్నవాళ్ళు గోడలు తెరిచి ఉండగానే వంటింటికీ గీజర్‌కూ మందపాటి వైర్లతో విడి లైన్లు వేయించుకోవాలి. ఇప్పుడు గ్యాసే పెట్టుకున్నా సరే. ఆ దశలో అదనపు ఖర్చు కొద్దే, టైల్స్ వేశాక మళ్ళీ పగలగొట్టాలంటే తడిసి మోపెడవుతుంది. పైపు కనెక్షన్ కాగితాల మీద సంతకం పెట్టేముందు సరఫరాదారును వీటి గురించి రాతపూర్వకంగా అడగండి: నెలవారీ స్థిర రుసుము, ఒక ఘనపు మీటరులో ఇచ్చే వేడి, వద్దనుకుంటే కనెక్షన్ తీయించుకోవడానికి అయ్యే ఖర్చు, ఇంటి లోపలి పైపు లీకైతే బాధ్యత ఎవరిది, అర్ధరాత్రి ఫోన్ చేస్తే మనిషి ఎంతసేపట్లో వస్తాడు.